సహస్ర చంద్ర దర్శనానికి వెయ్యి కాగితపు కొంగలు: కాగితం, లెక్క, దండ గుచ్చే పద్ధతి చెప్పండి

కొర్లగుంట ఇల్లు

అందరికీ నమస్కారం. వచ్చే కార్తీకంలో మా తాతకు సహస్ర చంద్ర దర్శన శాంతి. తిరుపతిలోనే, చిన్న హాల్లో. ఇంట్లో అందరి చేయీ పడేట్టు వెయ్యి కాగితపు కొంగలు మడిచి, దండలు గుచ్చి, తాత, అవ్వ కూర్చునే పీటల వెనక గోడకు కట్టాలనుకుంటా ఉండాం. జపాన్‌లో సెంబజురు అంటారే, అది. తాత చూసిన వెయ్యి పున్నములకు వెయ్యి కొంగలన్న మాట.

చేసేవాళ్లు పెద్దవాళ్లు ముగ్గురు, పదేళ్ల పాప, ఏడేళ్ల బాబు, 74 ఏళ్ల అవ్వ. అవ్వకు వేళ్లు పట్టేస్తాయి, కానీ నాకూ ఒక పని ఇవ్వండి అంటోంది. 15 సెం.మీ. కాగితంతో కొంగ మడవడం ఇద్దరికి బాగానే వచ్చు. 7 సెం.మీ.కి వచ్చేసరికి ముక్కు దగ్గర ఉండ కట్టేస్తోంది.

తెలియాల్సినవి ఇవి. ఏ కాగితం, ఎన్ని షీట్లు, ఎక్కడ కోయించాలి? పని ఎట్లా పంచుకోవాలి, ఎన్ని రోజులు పడుతుంది? 25 దండలు, దండకు 40 అని చదివాం, అదే పాటించాలా? దారం ఏది? కార్తీకం అంటే మనకు వానలు, కాగితం మెత్తబడకుండా ఏం చెయ్యాలి? ఇంకొకటి, ఇంటికొచ్చిన ఒక పెద్దాయన "శుభకార్యంలో కొంగలేంది, కొంగజపం అంటారు" అన్నారు. దానికేం చెప్పాలో కూడా చెప్పండబ్బా.

మడతల మాస్టారు

ముందు కాగితం లెక్క. ఏ4 షీటు 210 × 297 మి.మీ. 7 సెం.మీ. చతురస్రాలైతే అడ్డంగా 3, నిలువుగా 4, మొత్తం 12 ముక్కలు. వెయ్యికి 84 షీట్లు సరిపోతాయి. పాడయ్యేవి కలుపుకొని 90 తీసుకోండి, 1080 వస్తాయి. అయితే కోసేవాళ్లకు 70 మి.మీ. అని చెప్పొద్దు, 69 అని చెప్పండి. 70 అంటే షీటు సొంత అంచే ముక్కకు అంచవుతుంది. కట్టగా పేర్చినప్పుడు షీట్లు అర మిల్లీమీటరు అటూ ఇటూ జరుగుతాయి, ఆ తేడా అంతా చివరి వరస ముక్కల మీద పడుతుంది. 69 అయితే 207 × 276 సరిపోతుంది కాబట్టి ముందు కట్టను చుట్టూ తీసేసి, ఆ తర్వాత కోస్తారు. అన్నీ ఒకే కొలతలో వస్తాయి.

ఇంట్లో స్కేలు, కత్తెరతో వెయ్యి ముక్కలు కోయకండి. పుస్తకాలు బైండింగ్ చేసే షాపుల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో పెద్ద కటింగ్ మిషన్ ఉంటుంది, 90 షీట్లు దానికి నిమిషాల పని. తెచ్చుకున్నాక కట్ట పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి ఒక్కో ముక్క తీసి మూల నుంచి మూలకు మడిచి చూడండి. అంచు ఒక పక్క అర మిల్లీమీటరు కంటే ఎక్కువ బయటికి కనిపిస్తే అది చతురస్రం కాదు, దీర్ఘచతురస్రం. ఆ కట్ట వెనక్కి ఇచ్చేయాల్సిందే. 15 సెం.మీ. కాగితంలో ఒక మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. 7 సెం.మీ.లో అదే తేడా ముక్కు దగ్గరికొచ్చి ఉండ కడుతుంది. మీకు వస్తున్న ఇబ్బందిలో సగం ఇదే అయ్యుండాలి.

ఇక ఏ కాగితం అంటే, జిరాక్సుకు వాడే 70 లేదా 75 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) రంగు కాగితం. రెండు వైపులా రంగు ఉంటుంది, మడత నిలుస్తుంది, గాంధీ రోడ్డు వైపు స్టేషనరీ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. 80 కూడా పరవాలేదు, అంతకు మించితే 7 సెం.మీ. కొంగకు మెడ సన్నగా రాదు. చార్టు పేపరు వద్దు. పిల్లల క్రాఫ్టుకు అమ్మే గ్లేజ్ పేపరు చూడ్డానికి మెరుస్తుంది కానీ ఆ మెరుపు పూత మడత గీత మీద పగిలి కింది తెలుపు బయటపడుతుంది. చెమట చేతులకు రంగు అంటుకొని పక్క కొంగకు పూస్తుంది కూడా. పాత క్యాలెండర్ షీట్లు వాడదామని ఎవరైనా అంటే, అవీ పూత కాగితమే, మడతల్లో పగులుతుంది. పైగా వాటి మీద దేవుడి బొమ్మలుంటాయి, కోయడానికి ఇంట్లో ఒప్పుకోరు.

పిల్లలు నేర్చుకోవడానికి మాత్రం పెద్ద కాగితం. ఏ4ని 14.8 సెం.మీ. ముక్కలు చేస్తే షీటుకు రెండొస్తాయి. ఒక్కొక్కరు అట్లాంటివి పది మడిచాకే చిన్నదానికి దిగండి.

మడత గురించి. ఇద్దరికి వచ్చన్నారు కాబట్టి మొదటి నుంచి చెప్పను, తప్పు జరిగే నాలుగు చోట్లే చెబుతాను.

ఒకటి: మూల నుంచి మూలకు రెండు మడతలు వేశాక కాగితం తిరగేసి, ఆ తర్వాతే అంచు మీద అంచు పెట్టి రెండు మడతలు వెయ్యాలి. తిరగేయడం మరిచిపోతే నాలుగు మడతలూ ఒకే పక్కకు వంగి ఉంటాయి, కాగితం చిన్న చతురస్రంగా ముడుచుకోదు, గుడారంలాగా లేస్తుంది. ఏడేళ్ల బాబుకు నేర్పేటప్పుడు దీన్ని ఒక మాటగా పెట్టండి: "రెండు మూలలు, తిరగెయ్, రెండు అంచులు". పలుకుతూ చేస్తే మరిచిపోడు.

రెండు: చిన్న చతురస్రం వచ్చాక విప్పుకునే మూల మీ వైపు ఉండాలి. ఇది తలకిందులైతే తర్వాతి మెట్టులో రేకు (పైకి లేపాల్సిన పై పొర) లేవదు, లేపబోతే చిరుగుతుంది. విప్పుకునే మూల ఏదో తెలియకపోతే వేలు పెట్టి చూడండి, నాలుగు పొరలు విడివిడిగా తగులుతాయి.

మూడు: గాలిపటం ఆకారానికి పై పొర రెండు అంచులనూ మధ్య గీతకు తెచ్చి, పైన మిగిలిన త్రికోణాన్ని వాటి మీదికి మడిచి, గోటితో గట్టిగా గీసి, అన్నీ విప్పాలి. ఆ అడ్డ గీతే తర్వాత రేకు లేచేటప్పుడు కీలు. చాలామంది ఆ త్రికోణం మడత ఎగ్గొడతారు. కీలు లేని రేకు తనకు తోచిన చోట వంగుతుంది, రెక్కలు ఒకటి పొడుగు ఒకటి పొట్టి అవుతాయి. కింది మూలను పట్టుకొని పైకి లేపుతున్నప్పుడు పక్కల రెండు గీతలూ ఇంతకుముందు వంగిన దిక్కుకు వ్యతిరేకంగా లోపలికి రావాలి. వాటిని చూపుడు వేళ్లతో మధ్యకు తోస్తూ లేపండి. వెనక్కి తిప్పి మళ్లీ ఇదే.

నాలుగు: ఇప్పుడు కింద రెండు కాళ్లుంటాయి, మధ్యలో చీలిక ఉంటుంది. ఇవే మెడ, తోక. వీటిని సన్నం చేసేటప్పుడు అంచును మధ్య గీతకు ఆనించకండి, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఖాళీ వదలండి. తర్వాత కాలును లోపలి నుంచి పైకి తిప్పినప్పుడు పొరల మందం ఆ ఖాళీలో సర్దుకుంటుంది. ఖాళీ లేకపోతే పొరలు ఒకదాన్నొకటి తోసుకొని కాగితం మెడ మొదట్లో చిట్లుతుంది. ముక్కు ఉండ కట్టడానికి మిగతా సగం కారణం ఇదే. కాలును ముందు మామూలుగా పైకి మడిచి గట్టిగా గీసి, కిందికి దించి, ఆ గీత మీదుగా రెండు పొరల మధ్యకు తోయండి. గీత లేకుండా నేరుగా తోస్తే కుదరదు. తల కోసం వంచే చివర 8 మి.మీ. చాలు.

మడతను నొక్కడానికి ఐస్‌క్రీమ్ పుల్ల, స్టీలు చెంచా వీపు, ఏదైనా పనికొస్తుంది. అవ్వకు చెంచా ఇవ్వండి, వేళ్లకు శ్రమ తగ్గుతుంది.

చిత్తూరు చేతిపని

పని పంచుకోవడం గురించి నా మాట. ప్రతి కొంగనూ ఒక్కరే మొదట్నుంచి చివరిదాకా మడవాలని పట్టు పట్టకండి. ఈ పని మూడు చోట్ల చక్కగా తెగుతుంది. చిన్న చతురస్రం దాకా బాబు, అవ్వ. అవి బల్లపరుపుగా ఉంటాయి, యాభై పేర్చి రబ్బరు బ్యాండు వేసి పెట్టుకోవచ్చు. రేకులు లేపడం, కాళ్లు సన్నం చేయడం పదేళ్ల పాప, ఒక పెద్ద. మెడ, తోక, తల మిగతా ఇద్దరు. రెక్కలు విప్పడం ఇప్పుడే వద్దు. రెక్కలు ముడిచి ఉన్న కొంగలు చెప్పుల డబ్బాలో వందలు పడతాయి, విప్పినవి పట్టవు.

పైన మాస్టారు చెప్పిన ఖాళీ వదలడం పిల్లలకు కష్టం. కాళ్లు సన్నం చేసే పని పాప చేస్తే మొదటి రెండు రోజులు ఎవరైనా పక్కన ఉండి చూడండి.

సమయం: చెయ్యి తిరిగినవాళ్లకు ఒక కొంగకు రెండు మూడు నిమిషాలు, కొత్తవాళ్లకు పది పదిహేను. అందరినీ కలిపి సగటున ఐదు నిమిషాలు అనుకుంటే 5000 నిమిషాలు, అంటే 83 గంటలకు పైనే. ఐదుగురు రోజుకు ముప్పావు గంట కూర్చుంటే రోజుకు 45 దాకా అవుతాయి. కాబట్టి రోజుకు ఒక దండకు సరిపడా కొంగలు అని పెట్టుకోండి, నెల లోపల అయిపోతుంది. శాంతికి రెండు నెలల ముందు మొదలు పెడితే తొందర ఉండదు. ఆఖరి వారంలో మడిచిన కొంగలు చూస్తేనే తెలిసిపోతాయి, మెడలన్నీ ఒక్కో దిక్కు.

ఒక చిన్న విషయం. ముక్క మడవకముందే లోపలి వైపు మధ్యలో, రెండు సెం.మీ. లోపల, పెన్సిలుతో నంబరు వెయ్యండి. కాగితం నట్టనడుమ భాగం కొంగ వీపు లోపలికి వెళ్తుంది, బయటికి కనపడదు. ఎన్నయ్యాయో లెక్క తప్పదు. నంబరు బదులు తాత ఆయుష్షులో ఒక పున్నమి నెల, సంవత్సరం పేరు రాసినా బాగుంటుంది. ప్రభవ, విభవ పేర్లు పిల్లలకు అట్లాగే నోటికొస్తాయి. పెన్ను, స్కెచ్ వద్దు, వాన తేమకు సిరా అవతలికి ఊరుతుంది.

పంచాంగం పక్కన

దండల లెక్క గురించి. జపాన్‌లో ఎక్కువగా 25 దండలు, దండకు 40. అది నియమం కాదు, వెయ్యిని సమంగా పంచే వీలు మాత్రమే. మీది చంద్ర దర్శనం కాబట్టి చంద్రుడి లెక్కలోనే కట్టుకోండి. 27 నక్షత్రాలకు 27 దండలు, దండకు 37. 27 × 37 = 999. వెయ్యోది విడిగా, పెద్ద కాగితంతో, పైన నడుమ.

ఇందులో ఇంకో సౌలభ్యం ఉంది. చంద్రుడు ఒక నక్షత్రం దగ్గర బయలుదేరి మళ్లీ అక్కడికి రావడానికి 27.3 రోజులు. తాత జన్మ నక్షత్రం ఉన్న రోజు మొదటి దండ మొదలుపెట్టి రోజుకు 37 చొప్పున చేస్తే, 27 దండలూ పూర్తయ్యేసరికి మళ్లీ ఆ నక్షత్రమే వస్తుంది. ఒక రోజు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. రోజుకు 37 అంటే పెద్దవాళ్లు ముగ్గురూ తలా 9, పాప 6, అవ్వ 4, సరిగ్గా సరిపోతుంది. రంగులు మూడు చాలు: తెలుపు, పసుపు, కుంకుమ ఎరుపు. ఒక్కో రంగుకు 9 దండలు, 333 కొంగలు. ఒక్కో రంగు 30 షీట్లు తీసుకుంటే 360 ముక్కలు, రంగుకు 27 మిగులు. నలుపు వద్దు.

వెయ్యి కాదు, 1008 చెయ్యాలని ఎవరైనా పెద్దలంటే, 28వ నక్షత్రంగా చెప్పే అభిజిత్తును కలుపుకొని 28 దండలు, దండకు 36. సరిగ్గా 1008.

తేదీ విషయం. పున్నమికీ పున్నమికీ నడుమ సగటున 29.53 రోజులు. వెయ్యింటికి 29,530 రోజులు, అంటే 80 ఏళ్ల 10 నెలలు. అధిక మాసాల పున్నములు కూడా ఇందులోనే లెక్కకొస్తాయి. వెయ్యి నెలలని లెక్క కట్టేవాళ్లకు 83 ఏళ్ల 4 నెలలు వస్తుంది. మీ పురోహితుడు ఏ లెక్క చెబితే అదే.

ఇక కొంగజపం. తెలుగులో కొంగ అంటే చెరువు గట్టున ఒంటి కాలి మీద నిలబడి చేప కోసం చూసే తెల్ల కొంగ గుర్తొస్తుంది, సామెత దానిది. జపాన్ వాళ్లు మడిచేది అది కాదు. వాళ్ల త్సురు మన సారస పక్షికి దగ్గరి చుట్టం. సారసం ఎగిరే పక్షుల్లోకెల్లా ఎత్తయినది, జంటగానే తిరుగుతుంది, మన కావ్యాల్లో దంపతులకు దాన్నే పోలికగా తెస్తారు. అందుకే హాల్లో బోర్డు రాస్తే "వెయ్యి సారసాలు" అని రాయండి. ఆ పెద్దాయనకూ అదే మాట చెప్పండి. "కొంగకు వెయ్యేళ్లు, తాబేలుకు పదివేలు" అని జపాన్‌లో నానుడి. దీర్ఘాయుష్షుకు గుర్తు కాబట్టే పెళ్లిళ్లలో కూడా కొంగ బొమ్మ పెడతారు.

ఇంకెవరైనా హిరోషిమా పాప కథ తెలిసినవాళ్లు "అది చనిపోయిన బిడ్డ కోసం చేసేది కదా" అనొచ్చు. 1945 ఆగస్టు 6న బాంబు పడినప్పుడు సడాకో ససాకికి రెండేళ్లు. 1955లో ల్యూకేమియాతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు కొంగలు మడిచింది, ఆ అక్టోబరు 25న చనిపోయింది. ఆమె తోటి పిల్లలు పూనుకొని విరాళాలు సేకరించగా 1958 మే 5న అక్కడ పిల్లల శాంతి స్మారకం వెలిసింది. కొంగలు శాంతికి గుర్తయ్యింది అక్కడి నుంచే. కానీ వెయ్యి కొంగల ఆచారం అంతకు ముందు నుంచీ ఉంది. ఒకే కాగితంతో గొలుసు కొంగలు మడిచే పద్ధతుల మీద క్యోటోలో 1797లోనే పుస్తకం అచ్చయింది. ఆ బిడ్డ గురించి పిల్లలకు మడిచేటప్పుడే చెప్పండి. తెలుసుకోవాల్సిన సంగతే.

దారం సూది

కొంగలను పూలు కట్టినట్టు కట్టకూడదు, గుచ్చాలి. కొంగ పొట్ట కింద సహజంగానే ఒక సందు ఉంటుంది, సూది అక్కడ పెట్టి వీపు మీది మొనలోంచి బయటికి తీయాలి. ఆ మొన కాగితం నట్టనడుమ బిందువు, గీతలన్నీ అక్కడే కలుస్తాయి కాబట్టి సూది తేలిగ్గా దిగుతుంది. మొన పక్కన గుచ్చితే కొంగ ఒక వైపు వాలిపోతుంది, దాని మీద ఉన్నవన్నీ దానితో పాటు వాలుతాయి.

రెండున్నర మూడు అంగుళాల సన్న సూది తీసుకోండి. దబ్బనం వద్దు, కన్నం పెద్దదై కొంగ దారం మీద తిరుగుతుంది. దారం మామూలు పాలిస్టర్ కుట్టు దారమే, రెండు పేటలుగా. బరువు గురించి భయం వద్దు: 69 మి.మీ. ముక్క 75 జీఎస్ఎంలో గ్రాములో మూడో వంతుకు కొంచెం ఎక్కువ. 37 కొంగల దండ 13 గ్రాములు, వెయ్యీ కలిపి 360 గ్రాములకు లోపే. దారం తెగదు. తెగేది అడుగు కొంగ కాగితం. ముడి ఒక్కటే ఉంటే వానకు కాగితం మెత్తబడినప్పుడు ముడి కన్నంలోంచి జారి దండ మొత్తం నేల మీద పడుతుంది. అందుకని అడుగున 8 మి.మీ. పూస పెట్టండి. పూస చుట్టూ దారం రెండుసార్లు తిప్పి ముడేసి, ముడి మీద ఫెవికాల్ చుక్క. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో పూసలకు కొదవలేదు, 27 కావాలి కాబట్టి 30 తెచ్చుకోండి. చేపలు పట్టే నైలాన్ దారం కనపడదని కొంతమంది వాడతారు, దానికి ముడి నిలవదు, నేను చెప్పను.

రెక్కలను గుచ్చే ముందు సగమే దించండి. పూర్తిగా అడ్డంగా చాపితే పక్కపక్క దండల రెక్కలు చిక్కుకుంటాయి. సగం దించినవి ఒకదాని మీద ఒకటి గొడుగుల్లా సర్దుకుంటాయి. అట్లా గుచ్చితే కొంగకు ఒకటిన్నర సెం.మీ., 37కు 55 సెం.మీ. పొడవు వస్తుంది. పైన కట్టుకోవడానికి 35 వదిలి, దండకు 90 సెం.మీ. లెక్క. రెండు పేటలు కాబట్టి 1.8 మీటర్లు, 27 దండలకు 49 మీటర్లు. 60 మీటర్లకు తగ్గని రీలు ఒకటి చాలు. తలలన్నీ ఒకే వైపు పెట్టి గుచ్చండి. తల ఒకటి ఇటు ఒకటి అటు ఉంటే దండ మెలి తిరిగినట్టు కనిపిస్తుంది.

పైన పెట్టే వెయ్యో కొంగ గురించి నాకో ఆలోచన. ఒంటి కొంగ కాకుండా జంట కొంగ పెట్టండి, ఒకే కాగితంతో. ఏ4 షీటు వెడల్పును 148.5 మి.మీ.కు తగ్గిస్తే 148.5 × 297, అంటే రెండు చతురస్రాలు పక్కపక్కన. నడుమ గీత వెంట కోసుకుంటూ వచ్చి చివర 5 మి.మీ. కోయకుండా ఆపండి. రెండు చతురస్రాలు ఒక మూల దగ్గర అతుక్కొని ఉంటాయి. ఆ మూల రెండు కొంగలకూ రెక్క చివర అయ్యేట్టు మడవాలి. కాగితం ఒకటే కాబట్టి లెక్కకు ఒకటే. శాంతి దంపతులకు కదా జరిగేది. కాళ్లు సన్నం చేసేటప్పుడు అతుకు ఉన్న మూలను కాలుగా తీసుకుంటే మాత్రం పని చెడుతుంది. మొదలుపెట్టేముందే ఆ మూలకు పెన్సిలు గుర్తు పెట్టుకోండి. అతుకు దగ్గర వెనక నుంచి సన్న కాగితం ముక్క అంటించి పెడితే చిరగదు.

కొర్లగుంట ఇల్లు

అందరికీ చాలా కృతజ్ఞతలు. 27 × 37, జంట కొంగ ఇంట్లో అందరికీ నచ్చింది. బైండింగ్ షాపులో 69 అని చెప్పి కోయించాం. ముక్కు ఇప్పుడు సన్నగా వస్తోంది. రెండు సమస్యలు మిగిలాయి. పాప లేపిన రేకుల్లో మొన దగ్గర కాగితం కుచ్చులు పడుతోంది, ప్రతిసారీ కుడి పక్కే. రెండోది, అవ్వ మడిచిన చతురస్రాలు మధ్యాహ్నానికి వదులై విప్పుకుంటున్నాయి. ఇంకా, హాల్లో వెనక గోడ ఎనిమిదడుగులే. 27 దండలు ఎట్లా పడతాయి?

మడతల మాస్టారు

కుచ్చు ఎప్పుడూ ఒకే పక్క వస్తోందంటే తప్పు రేకు లేపడంలో లేదు, దానికి ముందు గాలిపటం మడతలో ఉంది. పాప కుడిచేతి వాటం అయ్యుంటుంది. కుడి అంచును మడిచేటప్పుడు చెయ్యి కాగితానికి అడ్డమొచ్చి మధ్య గీత కనపడదు, అంచు గీతను దాటి ఒక మిల్లీమీటరు అవతలికి పోతుంది. ఎడమ అంచు మడిచాక కాగితాన్ని బల్ల మీదే అర చుట్టు తిప్పుకొని రెండో అంచును కూడా అదే చేతితో, అదే కోణంలో మడవమనండి. కుచ్చు పోతుంది. పోకపోతే ఒక ముక్క విప్పి చూడండి, గీతలు ఎక్కడ కలవాలో అక్కడ కలవకుండా రెండు దగ్గర దగ్గర గీతలు కనిపిస్తాయి.

అవ్వ చతురస్రాలు విప్పుకోవడం తేమ వల్ల కూడా కావచ్చు, నొక్కు చాలక కూడా కావచ్చు. పేర్చిన కట్ట మీద లావు పుస్తకం రాత్రంతా పెట్టండి, ఏ కారణమైనా తగ్గుతుంది. మడిచే చోట ఫ్యాను నేరుగా కాకుండా పక్క నుంచి వేసుకోండి. చెమట చేతులు తుడుచుకోవడానికి పొడి తువ్వాలు పక్కన ఉండాలి. పౌడరు పూసుకుంటే ఎరుపు మీద తెల్ల మరకలు పడతాయి.

దారం సూది

గోడ ఎనిమిదడుగులంటే 244 సెం.మీ. దండ వెడల్పు దాదాపు 7 సెం.మీ. (రెక్క చివర నుంచి చివరకు ఇంచుమించు కాగితం అంచంత ఉంటుంది). దండకూ దండకూ నడుమ 8 సెం.మీ. దూరం పెడితే 27 దండలకు 216 సెం.మీ. చాలు. జంట కొంగ నడిమి దండకు పైన వస్తుంది. సన్న వెదురు బద్ద ఒకటి, ఏడున్నర అడుగులది తీసుకొని 8 సెం.మీ.కొక గుర్తు పెట్టి దండలు ఇంట్లోనే కట్టేయండి. హాల్లో బద్దను రెండు మేకులకు తగిలించడమే. తీసుకెళ్లేటప్పుడు బద్దను అడ్డంగా పట్టుకోకండి, దండలు ఊగి చిక్కు పడతాయి. మూడేసి దండలను పాత వార్తాపత్రికలో పొట్లంలా చుట్టి, బద్దకు ఆనించి, వదులుగా కట్టండి. హాల్లో తగిలించాక ఒక్కో పొట్లం విప్పండి.

హోమం ఉంటే గుండానికి ఎదురుగా, పొగ వెళ్లే వైపు కట్టొద్దు. అఖండ దీపానికీ, హారతి ఇచ్చే చోటుకూ కనీసం ఆరడుగులు దూరం. పక్కన టేబుల్ ఫ్యాను ఉంటే దండలు దీపం వైపే ఎగురుతాయి, అది ముందే ఆపించండి.

చిత్తూరు చేతిపని

వానల సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, కాగితం తేమను పీల్చి రెక్కలు వాలిపోతాయి. మడిచినవి రోజూ సాయంత్రం మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. చెప్పుల డబ్బా, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు లోపల వెయ్యండి. దండలుగా గుచ్చడం శాంతికి వారం ముందు చేయండి, అంతకంటే ముందు వద్దు. వేలాడదీసి ఉంచిన దండలే ముందు వాలుతాయి. హాలు ముందు రోజు సాయంత్రమే ఇస్తామన్నా, వాన పడుతుంటే రాత్రి కట్టకండి, పొద్దున్నే కట్టండి.

శాంతి అయ్యాక ఇంట్లో కిటికీ పక్కన మాత్రం తగిలించొద్దు. ఎండకు రంగు కాగితం వారాల్లోనే వెలుస్తుంది, ముందు ఎరుపు పోతుంది. వచ్చినవాళ్లకు తలా ఒక దండ ఇవ్వాలనుకుంటే పూస దగ్గర కాకుండా పైన ముడి దగ్గర కత్తిరించండి. పూస దగ్గర కత్తిరిస్తే 37 కొంగలూ అక్కడే రాలిపోతాయి.